అన్నశుద్ధి విచారము



ఈ సంవత్సరపు మన వార్షిక మహాసభ చాంద్రాయణగుట్టలో జరుగుచున్నదని తెలిసినది మొదలు నా మనస్సున నొక తలంపు మెదలుచున్నది. ఇచటి గుట్టపై చెన్నకేశవస్వామి యాలయము గలదు. ఆ స్వామి పేరనే యిది చెన్నరాయని గుట్ట యై, కాలక్రమమున చాంద్రాయణగుట్టగా మాఱినదని పెద్దలు చెప్పుదురు. అది యెట్లున్నను, నేటి పేరు ధర్మశాస్త్రములలోని యొక వ్రతమును జ్ఞప్తికి దెచ్చుచున్నది. తినరానిది తిన్నవానికి విధింపబడిన ప్రాయశ్చిత్తములలో చాంద్రాయణ మొకటి. మన సంఘ వసతిగృహమున శాకాహారమే పెట్టవలయుననియు, వండువారును వడ్డించువారును మన కులమువారే యై యుండవలయుననియు నొక తీర్మానము ఈ సభ ముందునకు రానున్నది. కావున అన్నమును గూర్చి మన పూర్వులు పడిన శంకల చరిత్రమును సంగ్రహముగా నివేదించుట యప్రస్తుతము కాదని తలంచుచున్నాను.

చాంద్రాయణమన చంద్రుని గతి ననుసరించి భుజించుట. పౌర్ణమినాడు పదునైదు కబళములతో నారంభించి, కృష్ణపక్షమున దినమున కొక్కొక్క కబళము తగ్గించుచు, అమావాస్యనాడు ఉపవసించి, మరల శుక్లపక్షమున నొక్కొక్కటి పెంచుకొనుచు పోవుట యొక విధము. పాడ్యమినాడు ఒక్క కబళముతో మొదలిడుట మఱియొక విధము. ఏ తీరున నైనను నెల దినములలో రెండువందల నలువది కబళముల హవిస్సు మాత్రమే భుజించినను చాలునని మనుస్మృతి యొక వెసులుబాటు గూడ కల్పించినది. ఆ స్మృతియే యైదవ యధ్యాయమున వెల్లుల్లి, నీరుల్లి, పుట్టగొడుగు మొదలగువానిని తెలియక తిన్న ద్విజునకు సాంతపనమునుగాని యతిచాంద్రాయణమునుగాని విధించినది. మాంసము మాట యటుంచి, శాకములయందే యింత శంక యుండెనని దీనివలన దెలియుచున్నది.

ఇక ఎవరి యన్నము తినరాదను పట్టిక నాలుగవ యధ్యాయమున గలదు. వైద్యుడు, వేటగాడు, వడ్రంగి, కమ్మరి, కంసాలి, చాకలి, వడ్డీ వ్యాపారి, లోభి - ఇట్లు చాల దూరము సాగును. ఈ పట్టికను అక్షరాల పాటింప బూనితిమేని ఈ సభకు విచ్చేసిన మనలో నెందఱి యింట నెందఱు భుజింపగలరో యెవరికి వారే యోచించుకొనవలయును. అయితే ఆ పట్టిక చివరనే మఱియొక మాట యున్నది. విద్వాంసుడైన లోభి యన్నమును, దాతయైన వడ్డీ వ్యాపారి యన్నమును దేవతలు సమానమని యెంచిరట. ప్రజాపతి వచ్చి, విషమమైన దానిని సమము చేయకుడనియు, దాత యన్నము శ్రద్ధచేత పవిత్రమైనదనియు, రెండవది శ్రద్ధ లేమిచే చెడినదనియు తీర్పు చెప్పెనట. మొదటి పట్టిక మనకు కంఠపాఠమైనది. ఈ తీర్పు మాత్రము చెవికెక్కలేదు.

ఛాందోగ్యోపనిషత్తునందలి ఉషస్తి చాక్రాయణుని కథయు నిట్టిదే. వడగండ్లచే కురుదేశపు పంటలు పాడైన కాలమున ఆ పండితుడు ఏనుగుల కాపరుల గ్రామమున తల దాచుకొనెను. ఒక మావటి కుల్మాషములు, అనగా నాసిరకపు మినుములు తినుచుండగా వానినే యాచించెను. ఎంగిలివి దప్ప వేఱు లేవని మావటి చెప్పగా, అవియే యిమ్మని పుచ్చుకొని తినెను. నీ రిచ్చినప్పుడు మాత్రము అది యెంగిలియని నిరాకరించెను. మినుములు తినకున్న ప్రాణము నిలువదు. నీరు నా కెక్కడనైన దొరకునని యతని సమాధానము. రుచిలేని శాకాహారమును, ఎవరి చేతిదన్న శంకయు నొక్కచోట గలిసిన కథలలో నింతకంటె ప్రాచీనమైనది నే నెఱుగను.

తెలుగు దేశమున రుచింపని శాకభోజనమును గూర్చి గట్టిగా వాపోయినవాడు శ్రీనాథుడు. పదునైదవ శతాబ్దివాడైన ఆ కవి కొండవీటి రెడ్డిరాజుల యాస్థానమున సన్నన్నమున కలవాటుపడినవాడు. ఆయన పేర ప్రచారమున నున్న చాటువులలో పల్నాటి జొన్నకూడును, చింతచిగురుతో నుడికించిన బచ్చలికూరను పరిహసించినవి తెలుగువారికి సుపరిచితములు. పూతన విషమును త్రాగిన, దావాగ్నిని మ్రింగిన శ్రీకృష్ణుని సైతము ఈ కూటి నొక్క ముద్ద తిని చూడుమని యాతడు సవాలు చేసెను. చదివి మనము నవ్వుకొందుము. కాని యా జొన్నకూడు పల్నాటి రైతు కోరి తిన్నది కాదు. నీటివసతి లేని నేలలో వరి పండదు గనుక తినెను. 1967 వ సంవత్సరమున నాగార్జునసాగరమునుండి కాలువలకు నీరు విడువబడినపిమ్మట నా సీమలో వరిచేలు పెరిగినవి, విస్తరిలో వరియన్నము వచ్చినది. అన్నపు రుచి వంటవాని కులమునుండి కాక నేలనుండియు, నీటినుండియు వచ్చునని యీ యొక్క యుదాహరణము చాలును.

కవి పరిహాసముతో విడిచిన విషయమును వైద్యులు శ్రద్ధతో పట్టుకొనిరి. 1918 వ సంవత్సరమున కూనూరులో మెక్కారిసన్ అను బ్రిటిషు వైద్యుడు బెరిబెరి వ్యాధి పరిశోధనకై నెలకొల్పిన చిన్న శాఖ 1928 లో పోషకాహార పరిశోధనాలయమై, 1958 లో మన హైదరాబాదు నగరమునకు తరలి వచ్చెను. 1969 లో దానికి జాతీయ పోషకాహార సంస్థ యని పేరు గలిగెను. ఉత్తర సర్కారులలో బెరిబెరి బాధ యుండెను. మరలో తెల్లగా పాలిషు పట్టిన బియ్యమున తవుడుతోబాటు బి విటమిను పోవుటయే యా వ్యాధికి మూలమనియు, దంపుడు బియ్యమునందును ఉప్పుడు బియ్యమునందును అది కొంత నిలుచుననియు తేలినది. మల్లెపూవువంటి యన్నము గౌరవమనుకొన్న గృహస్థు ఆ తెలుపుతోనే రోగమును గొనితెచ్చుకొనెను.

తెలంగాణమున జొన్నయే ప్రధానాహారముగా గల బీదలలో పెల్లాగ్రా యను వ్యాధి కనిపించెను. ఎండ సోకినచోట చర్మము నల్లబడి గరుకెక్కుట, విరేచనములు, మతి చెదరుట దాని లక్షణములు. జొన్నలో లూసిన్ అను పదార్థ మధికముగా నుండుట దీనికి హేతువని 1960 వ సంవత్సరమున డాక్టరు గోపాలన్ గారును వారి సహచరులును ప్రతిపాదించిరి. జొన్నతోబాటు పాలు, పప్పు, కూరలు తినగలిగినవానికి ఈ జబ్బు రాదు. తప్పు జొన్నది కాదు, జొన్న తప్ప వేఱు దొరకని దారిద్ర్యముది. ఆ పల్లెలలో చేయి ముట్టిన మైలను గూర్చి నిత్యము విచారణ జరిగెను; పళ్ళెములోని లోటును గూర్చి విచారించినవారు మాత్రము అరుదు.

చేయిని గూర్చిన విచారణ యెంత తీవ్రముగ నుండెనో రాజమహేంద్రవరపు చరిత్ర చెప్పును. 1881 డిసెంబరు 11 వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఆయన యింటికి వంటవారును, నీళ్ళు మోయువారును, పురోహితులును రాకుండ కట్టడి చేసిరి. ఆ పంక్తిలో భుజించినవారు వెలివేయబడిరి. కొందఱు ప్రాయశ్చిత్తము చేసికొనవలసివచ్చెను. ఆ విందులో తినరాని పదార్థ మేదియు లేదు. దోషము పప్పులోనో పులుసులోనో కాక పెండ్లిలో నున్నదని వారి భావము. అదే గోదావరి సీమలో, ఆ కాలముననే, లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చిన బాటసారికి సైతము కులమడుగక యన్నము పెట్టిరి. 1909 లో నామె స్వర్గస్థురాలైనది. వెలివేసినవారి పేర్లు నేడు జ్ఞాపకము లేవు. సీతమ్మగారి పేరు నిలిచినది.

మన నగరమున 1906 లో జగన్మిత్రమండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు ఆదిహిందువులలో మద్యపానమును, జంతుబలులను మాన్పుటకు మిక్కిలి శ్రమించిరి. జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలివారితో గలిసి శాకాహారమును ప్రబోధించిరి. అయినను మద్యమాంసములు విడిచిన ఆదిహిందువునకు సైతము అగ్రవర్ణములవారి పంక్తిలో విస్తరి వేసినవా రరుదు. శంక నిజముగా మాంసమును గూర్చినదైనచో మాంసము మానినంతనే తీరవలసియుండెను. తీరలేదు గనుక అది యన్నమును గూర్చిన శంక కాదని నిశ్చయింపవచ్చును.

ఇక అన్న మెక్కడినుండి వచ్చినదన్న ప్రశ్నను నిజముగా అడుగవలసిన కాలము రెండవ ప్రపంచ సంగ్రామము. 1942 లో బర్మా జపానువారి వశమగుటతో అచటి బియ్యము నిలిచిపోయెను. 1943 లో వంగదేశమున ఘోరక్షామము సంభవించెను. నిజాము రాష్ట్రమున రైతులనుండి ప్రభుత్వము నిర్ణయించిన ధరకు లెవీ ధాన్యము వసూలు చేయబడెను. పెద్ద దేశముఖులు తమ గాదెలను తప్పించుకొనగా భారమంతయు చిన్న రైతుపై బడెను. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ పంటను విసునూరు దేశముఖు మనుష్యులు ఎత్తుకొనిపోవ యత్నింపగా నామె నిలిచి యెదిరించెను. 1946 జూలై 4 వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు నేలకొరిగెను. చాకలివాని యన్నము తినరాదను వచనము మన యొద్ద గలదు. చాకలి స్త్రీ పండించిన ధాన్యమును బలిమిని గొనుటకు మాత్రము ఏ వచనమును అడ్డురాలేదు. ఆనాడు నగరములోని మడివంటశాలలయందు నిప్పులు కడిగి వండిన యన్నము ఎవరి కల్లమునుండి యెట్లు వచ్చినదో యడిగి, అందులకై చాంద్రాయణము చేసినవానిని నేను వినలేదు.

ఇంతవరకు పరుల కథ చెప్పితిని. నా కథయు గొంత చెప్పకున్న న్యాయము కాదు. 1960 ప్రాంతముల తరువాత నేను విద్యార్థినై నగరములోని యొక వసతిగృహమున రెండేండ్లు భుజించితిని. అన్నములో మట్టిబెడ్డలు, వంకాయలో పురుగులు, చారులో నీళ్ళు దప్ప వేఱు లేవు. మజ్జిగ సున్నపునీటివలె నుండెడిది. కందిపప్పులో కేసరిపప్పు కలిసినదని మాలో గుసగుసలు గలవు. అధికముగా నెలల తరబడి తిన్నచో కాళ్ళు పడిపోవు నన్న కారణమున ఆ పప్పు అమ్మకము 1961 లోనే నిషేధింపబడినది. మాకు వండువాడొక వృద్ధుడు. సాయంకాలము వసారాలో గూర్చుండి, చాటలో పప్పు పోసికొని, అనుమానపు గింజల నేఱి కాగితమున పొట్లము గట్టి నిర్వాహకునికి చూపెడివాడు. ఆ పొట్లముల నెవరును విప్పి చూడలేదు.

ఒకనాడు ఆ వంటవాడు తాను చెప్పుకొన్న కులమువాడు కాడని పుకారు పుట్టెను. మఱునాటికి అర్జీ తయారయ్యెను. రెండేండ్లు పురుగుల కూర తిని నోరు మెదపనివారము ఆ యొక్క సాయంకాలమున నేకమైతిమి. ఆ యర్జీపై నేనును చేవ్రాలు చేసితిని. వృద్ధుడు మూట గట్టుకొని పోయెను. అతని స్థానమున నిర్వాహకుల కులమువాడే వచ్చెను. సరకు తెచ్చు దుకాణము మాఱలేదు, బియ్యము మాఱలేదు, పప్పు మాఱలేదు. గింజల నేఱువాడు మాత్రము లేకపోయెను. మాలో కొందఱు జబ్బుపడి యిండ్లకు పోయిరి. మేము మాన్పించినది మైలను కాదు, మమ్ము గాచుచుండిన చాటను.

కాలము మాఱినది. 1954 లో ఆహార కల్తీ నిరోధక చట్టమును, 2006 లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టమును వచ్చినవి. 2001 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము బడిపిల్లలకు వండిన యన్నమునే పెట్టవలయునని యాజ్ఞాపించెను. అయినను పంచమ స్త్రీ వండినదని బిడ్డలచే ఆ యన్నమును మాన్పించిన తల్లిదండ్రుల వార్తలు ఈ దేశమున పలుతావులనుండి వచ్చినవి. చట్టము గింజను పరీక్షింపగలదు. మన ప్రశ్నను మాత్రము మనమే మార్చుకొనవలయును.

కావున సభ్యులకు నా విన్నపమిది. భోజనము శాకాహారమా కాదా యన్నది సభవారు నిర్ణయింపవచ్చును. అందు నాకు పట్టుదల లేదు. శాకాహారమే యైనచో పప్పు, పాలు, ఆకుకూరలు నిండుగా నుండవలయును. పేరునకు సాత్త్వికమై పళ్ళెమునకు శూన్యమైన భోజనము పెట్టుట బిడ్డలకు ద్రోహము. వండువారి కులమును గూర్చిన వాక్యమును మాత్రము తీర్మానమునుండి తొలగింపవలయును. దానికి బదులుగా నీ క్రింది యంశములు చేర్పవలయును. బియ్యము, పప్పు, నూనె ఏ దుకాణమున, ఏ తేదీన, ఏ ధరకు కొనబడినవో తెలుపు పుస్తకము భోజనశాల ద్వారముననే యుండవలయును. విద్యార్థులలో నిద్దఱు వారమున కొకమారు సరకు చూడవలయును. వంటవారు సరకు బాగులేదని చెప్పినచో ఆ మాట వ్రాతమూలకముగా నమోదు కావలయును. కార్యవర్గ సభ్యులు నెలకొకమారు ముందుగా తెలుపక వచ్చి, బిడ్డల పంక్తిలో గూర్చుండి అదే యన్నము తినవలయును.

ఆ వృద్ధుడు పిదప నెక్కడ జీవించెనో నాకు తెలియదు. తినరానిది తిన్నందులకు శాస్త్రము ప్రాయశ్చిత్తము చెప్పినది. అన్నము పెట్టినవాని నోటికాడి కూడు తీసినందులకు చెప్పినట్లు నేను చదువలేదు. ఈ వ్యాసమును, ఈ సవరణను నా వంతు చాంద్రాయణముగా స్వీకరింప మహాజనులను ప్రార్థించుచున్నాను.