ఠాణా అధికారానికి హద్దులు: ఓర్వకల్లు నుంచి చూస్తే

కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 2021లో మొదలైన విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 1846లో కుంపిణీపై తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఆయన కథ సీమలో అందరికీ తెలుసు. ఆ తిరుగుబాటులో చిక్కుకున్న మామూలు జనం సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. దాదాపు వెయ్యిమందిపై వారంట్లు జారీ అయ్యాయి. 412 మందిని అభియోగమే లేకుండా వదిలేశారు. 273 మందికి జామీను దొరికింది. శిక్ష పడింది 112 మందికే. నేరం రుజువు కాకముందే మనిషిని బంధించగల అధికారం ఎంత పెద్దదో చెప్పడానికి ఈ లెక్క చాలు.

నాటి పాలన అమరికే ఆ అధికారానికి అడ్డు లేకుండా చేసింది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్ పోలీసు పనిని కలెక్టరుకు, ఆయన కింద తహసీల్దారుకు అప్పగించింది. శిస్తు వసూలు చేసేవాడే దొంగను పట్టేవాడయ్యాడు. దాని ఫలితాన్ని 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నివేదిక బయటపెట్టింది. వేళ్లను చెక్కల మధ్య నొక్కే కిట్టి, మండుటెండలో నిలబెట్టడం, నడుము వంచి కట్టెయ్యడం వంటివన్నీ అందులో నమోదయ్యాయి. బాకీ రాబట్టడానికీ, నేరం ఒప్పించడానికీ అవే పద్ధతులు.

ఆ నివేదిక తర్వాత 1859 చట్టం మద్రాసు పోలీసును రెవెన్యూ నుంచి విడదీసింది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడిపై సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టం తేల్చింది. లాకప్పులో పుట్టిన మాటను నమ్మలేమని పరాయి పాలకులే చట్టంలో రాసుకోవాల్సి వచ్చింది.

కానీ అదే ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. ఎరుకల వంటి సముదాయాలవాళ్లు ఏ నేరమూ చెయ్యకపోయినా వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటితే కబురు చెప్పాలి. స్టూవర్టుపురం, కావలిలాగే కర్నూలు జిల్లాలో సిద్ధాపురం కూడా అలాంటి సెటిల్‌మెంటే. పుట్టుకనే నేరంగా చూసిన ఈ చట్టాన్ని మద్రాసు 1947లో రద్దు చేసింది, దేశమంతటా 1952లో పోయింది. దాని వెనకే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కులంపై పెట్టిన నిఘా మనిషిపైకి మారింది. పాత అనుమానం మాత్రం ఆ సముదాయాలను వదల్లేదు.

రాజ్యాంగం 21వ అధికరణంలో స్వేచ్ఛకు హామీ ఇచ్చింది. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని 22వ అధికరణం శాసించింది. నివారక నిర్బంధానికి మాత్రం ఈ గడువు వర్తించదు. కర్నూలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1950లోనే, ఆ రాష్ట్రంపై ఎ.కె. గోపాలన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చట్టం చెప్పిన పద్ధతి పాటిస్తే చాలంది. ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా కూడా ఉండాలని చెప్పడానికి 1978 మేనకా గాంధీ తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదే హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం రాష్ట్రాన్ని కుదిపేశాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. 1983లో కస్టడీ అత్యాచారంపై చట్టం కఠినమవడం వెనుక ఈ ఆగ్రహమూ ఉంది. అరెస్టు మెమో, బంధువులకు కబురు, వైద్య పరీక్ష తప్పనిసరని 1996లో డి.కె. బసు తీర్పు నియమాలు పెట్టింది.

మన గడ్డ మీద ఈ పోరాటాన్ని పౌరహక్కుల సంఘాలు కోర్టుల దాకా మోశాయి. ప్రతి ఎన్‌కౌంటర్‌పైనా కేసు నమోదు చెయ్యాలని, ఆత్మరక్షణ వాదనను కోర్టే తేల్చాలని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. సుప్రీంకోర్టు దాని అమలును నిలిపేసినా, 2014లో తానే ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి చేసింది.

ఫ్యాక్షన్ చూసిన కర్నూలు పల్లెలకు మరీ దగ్గరి ప్రశ్న రౌడీషీటు, అంటే అనుమానితులపై నిఘా కోసం పోలీసులు తెరిచే షీటు. అనుమానితుల ఇళ్లకు అర్ధరాత్రి పోలీసులు వెళ్లడం చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్‌సింగ్ కేసులో చెప్పింది. చట్టం దన్ను లేని పోలీసు ఉత్తర్వులతో రౌడీషీటు తెరవడం కుదరదని 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తీర్పిచ్చింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. బాంబుల భయంలో బతికిన ఊళ్లకు గట్టి పోలీసు కావాలి, నిజమే. కానీ గట్టిదనం చట్టం నుంచి రావాలి. ఎస్సై ఇష్టాయిష్టాల మీద నడిచే నిఘా చివరికి పలుకుబడి ఉన్న వర్గానికే ఆయుధమవుతుంది.

ఈ హద్దులు ఒకసారి గీస్తే నిలిచేవి కావు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 15 రోజుల పోలీసు కస్టడీని 40 లేదా 60 రోజుల వ్యవధిలో విడతలుగా కోరే వీలు కల్పించింది. అదే చట్టం, అరెస్టయినవారి వివరాలు ప్రతి ఠాణాలో అందరికీ కనిపించేలా ఉంచాలనీ, వాటి బాధ్యత ఒక అధికారికి అప్పగించాలనీ చెబుతోంది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 2021లో కర్నూలుకు వచ్చింది. దానికి సిఫారసు చేసే అధికారమే ఉన్నా, ఫిర్యాదు వెళ్లకపోతే ఆ సిఫారసైనా రాదు. నరసింహారెడ్డి తిరుగుబాటులో పట్టుబడి విడుదలైన ఆ 412 మందికి తమను ఎందుకు పట్టారని నిలదీసే హక్కు లేదు. మనకు ఉంది. ఊళ్లో ఎవరిని తీసుకెళ్లినా కారణం అడగాలి, మెమో అడగాలి, 24 గంటలు లెక్కపెట్టాలి. మనకు గిట్టనివాణ్ని తీసుకెళ్లినప్పుడు కూడా అడగాలి.