కొండ క్రింది మజిలీ

ఏడుకొండలను కాలినడకన నెక్కదలచిన యాత్రికుడు మొట్టమొదట తేల్చుకొనవలసినది దర్శనపు వేళ గాదు, బస. పగటిపూట నెక్కి, స్వామిని సేవించి, వీలైనచో ఆ సాయంకాలమే దిగిరావలెనని తలచువాడు, ముందటి రాత్రి యెక్కడ తల వాల్చెనో దానినిబట్టియే యే మెట్టుదారి పట్టవలసినదియు, ఎండ ముదురకముందు దారినడుమ నున్న గాలిగోపురమును చేరగలడా లేడా యనునదియు నిర్ణయమగుచుండును. తిరుమల చరిత్రమును మన పండితులు దానశాసనముల చరిత్రముగను, రాజుల కానుకల చరిత్రముగను విస్తారముగా వ్రాసియున్నారు. నడచివచ్చినవాడు ఎక్కడ పండుకొనెను అను ప్రశ్నను చేతబట్టుకొని అదే చరిత్రమును చదివినచో, మజిలీ శతాబ్దముల తరబడి మెల్లమెల్లగా కొండవైపునకు జరుగుచు వచ్చి, తుదకొకనాడు కొండనే యెక్కి కూర్చుండిన వింత గోచరించును.

తొలి మజిలీ తిరుచానూరు. తొమ్మిదవ శతాబ్ది నాటికే అచట తిరువిలంకోయిల్ అను ఆలయ మొకటి యుండెననియు, కొండ యెక్కజాలనివారు అచటనే స్వామిని కొలిచి మరలుటకై దానిని నెలకొల్పియుందురనియు చరిత్రకారులు ఊహించుచున్నారు. ఆ యూహ నిజమైనచో, ఆనాడు బసయే సగము యాత్ర; అడవిని జూచి, కొండను జూచి, అక్కడినుండియే చేతులు జోడించి యింటిదారి పట్టినవారు తక్కువ మంది యై యుండరు.

పండ్రెండవ శతాబ్దిలో రామానుజాచార్యులవారు కొండ దిగువన గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిరని సంప్రదాయము. ఆ గుడిచుట్టు వీధులు వెలసెను, వీధులవెంట అంగళ్ళును సత్రములును వెలసెను, ఆ యూరే దిగువ తిరుపతి యయ్యెను. మజిలీ తిరుచానూరునుండి కొండపాదమునకు జరిగినది. వేకువజామున కపిలతీర్థమున మునిగి, తడిబట్టలతోనే మెట్లదారి మొదలగు అలిపిరి చేరి, పాదాలమండపమున మ్రొక్కి మొదటి మెట్టునకు పసుపు కుంకుమ లద్దుట యను క్రమము ఈ బస వలననే సాధ్యమైనది.

విజయనగర కాలమున బస రెండు పాయలైనది. సామాన్యులు గోవిందరాజుల గుడినీడన నుండగా, రాజులును వారి పరివారమును చంద్రగిరిని తమ స్థావరముగా జేసికొనిరి. చంద్రగిరివైపునుండి వచ్చువారికి అలిపిరి చుట్టుదారి. శ్రీనివాసమంగాపురము మీదుగా శ్రీవారిమెట్టు దగ్గరదారి. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, మూడువేల అయిదువందలకు పైబడిన మెట్లు. శ్రీవారిమెట్టు దారి రెండు కిలోమీటర్లకు కొంచెమెచ్చు, మెట్లు రెండువేల నాలుగువందలకు లోపు. పొట్టిదారి గనుక సులభమని భ్రమపడరాదు. అలిపిరి దారిలో గాలిగోపురము దాటినపిదప చాలదూరము కాళ్ళకు ఊరట దొరకును, శ్రీవారిమెట్టున ఆ దయాదాక్షిణ్యములు లేవు. బస మారినచో దారి మారును, దారి మారినచో అలసట మారును అనుటకు ఇంతకుమించిన నిదర్శన మక్కఱలేదు.

చంద్రగిరి నేలిన సాళువ నరసింహుడు పదునైదవ శతాబ్దిలో కొండమీదను కొండక్రిందను రామానుజకూటములను నెలకొల్పి, వాని నిర్వహణము కందాడై రామానుజయ్యంగారి కప్పగించెను. యాత్రికునికి ఉచితముగా అన్నము పెట్టుట ఆ కూటముల పని. నా మట్టునకు నరసింహుని యుద్ధములకంటె ఈ కూటములే గొప్పవిగా తోచును. ఏలయన బస యనగా కప్పు మాత్రమే కాదు, ఎక్కబోవు ముందును దిగివచ్చిన పిదపను దొరకు అన్నమును గూడ. కొండమీది గుడియెదుట వేయికాళ్ళ మండపమును అదే శతాబ్దిలో సాళువ మల్లయ్యదేవరాజు కట్టించెను. ఎన్ని తరముల యాత్రికులకో నీడనిచ్చిన ఆ మండపమును 2003లో పడగొట్టిరి. అది తగిన పని యని నేనెన్నడును ఒప్పుకొనలేదు.

సత్రమును కూటమును ఎఱుగని యాత్రికుడొకడు కూడ మన సాహిత్యమున గలడు. ఇల్లు విడిచి కొండకు బయలుదేరిన బాలుడు అన్నమయ్య, చెప్పులతోనే యెక్కబోయి, మోకాళ్ళ పర్వతముకడ సొమ్మసిల్లి వెదురుపొద క్రింద నిదురపోయెననియు, అమ్మవారు ముదుసలి రూపున వచ్చి యాతనికి చెప్పులు విడువుమని బోధించి ప్రసాదము పెట్టెననియు, అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదలో చెప్పినాడు.

అలిపిరి మెట్లను గాలిగోపురమును మట్లి రాజులు కట్టించిరని ప్రసిద్ధి. మెట్లు వచ్చిన తరువాత దారివెంట రాతిమండపములు పెరిగెను. త్రోవలోని తలయేరుగుండునకు తలయు మోకాళ్ళును ఆనించినచో నొప్పులు రావను నమ్మకమును దారితోపాటు పెరిగెను. నడువలేనివారిని డోలీలలో మోయుట అనేకుల జీవనోపాధి. అయినను రాత్రి బస మాత్రము దిగువననే. 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, త్రోవలో తిరుపతిని సేవించిన కోర్టు ఉద్యోగి ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్రాగ్రంథమును తిరుగవేసినచో ఆనాటి బాటసారి మనస్సు తెలియును. ఆయన మజిలీ మజిలీకిని మొదట విచారించునది నీళ్ళు మంచివా, అంగళ్ళు గలవా, దిగుటకు సత్రము గలదా యని. ఆయనకు భక్తి తక్కువ గాదు. బస చెడినచో భక్తియు చెడునని యెఱిగినవాడు.

పందొమ్మిదవ శతాబ్ది చివర రైలు వచ్చి జనమును దిగువ తిరుపతిలోనే దింపుచుండుటచే ఆ యూరి సత్రములు మఱింత విస్తరిల్లెను. ఈ యేర్పాటు తలక్రిందులైన ఘడియ 1944 ఏప్రిల్ 10. నాడు మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ తొలి ఘాట్ రోడ్డును ప్రారంభించెను. మోటారెక్కినవానికి కొండపాదమున ఆగవలసిన పనిలేదు. కాలినొప్పి లేనివానికి రాత్రి కొండమీదనే గడుపుటకు జంకు లేదు. కాటేజీలును అతిథిగృహములును పైన వెలసెను. సామానులేక సంచితో నెక్కి దిగెడి యాత్ర, పెట్టెలతో పరుపులతో రెండుమూడు దినములు మకాము వేయు యాత్రగా మారెను. 1974లో రెండవ ఘాట్ రోడ్డు తెఱచిన పిదప ఎక్కుటకు క్రొత్తదారి, దిగుటకు పాతదారి యేర్పడెను; మెట్టుదారి మ్రొక్కుబడి గలవారికి మాత్రమే మిగులునేమో యనిపించినది.

అట్లు జరుగలేదు. పైన గదులు చాలకపోవుటచేతనో, నడకయందలి మోజుచేతనో, మజిలీ మరల క్రిందికి దిగుచున్నది. రైల్వేస్టేషన్ ఎదుటి విష్ణునివాసము, బస్టాండు దగ్గఱి శ్రీనివాసము, స్టేషన్ వెనుకనున్న గోవిందరాజస్వామి సత్రములు ఇపుడు వేకువనే ఖాళీయగుచుండును. నడచి యెక్కదలచిన పాఠకుడు అలిపిరి దారిని కోరినచో దిగువ తిరుపతిలోనే పండుకొనవలెను. శ్రీవారిమెట్టును కోరినచో చంద్రగిరి, శ్రీనివాసమంగాపురముల వైపు బస వెదకికొనవలెను. మూటను అలిపిరికడ అప్పగించినచో దేవస్థానమువారే దానిని ఉచితముగా పైకి చేర్చుదురు.