గద్దె ఎక్కాక దొరికిన తాతలు

ఇటు జరగండర్రా, ఆ పొగంతా మీ కళ్ళల్లోకే కొడుతోంది. చిన్నాడా, ఆ తాటిమట్ట మంటలోకి తొయ్యి. సరే, ఇప్పుడు చెప్పండి ఏమిటి మీ గొడవ? కొండపల్లి కోట దిగింది మొదలు మన రింగు సెంటర్ దాకా ఆటోలో వాదించుకుంటూనే వచ్చారట. బహమనీ సుల్తానులు అఫ్ఘాన్లని పెద్దాడు, కాదు బ్రాహ్మడింట్లో పాలేరు వంశమని పక్కింటి పిల్లాడు, ఇరాన్ రాజుల సంతతని మనవరాలు. ముగ్గురూ పుస్తకంలో చూసే చెప్పారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. మూడు మాటలూ పుస్తకాల్లో ఉన్నవే. అందుకే దీన్ని నిదానంగా విప్పుకుందాం.

ముందు అందరికీ నచ్చే కథ. ఢిల్లీలో గంగు అని ఒక బ్రాహ్మణ జ్యోతిష్కుడు ఉండేవాడట. తుగ్లక్ యువరాజు దగ్గర చనువున్నవాడు. ఆయన దగ్గర హసన్ అనే పేదవాడు చేరాడు. ఆయన వాడికి ఒక బీడుచెక్క, జత ఎడ్లు ఇచ్చి దున్నుకు బతకమన్నాడు. ఒకరోజు దున్నుతుంటే కర్రు దేనికో తగులుకుని ఆగిపోయింది. మన్ను తీసి చూస్తే గొలుసు. గొలుసు పట్టుకు లాగితే దాని కింద పాత బంగారు నాణేల పాత్ర. ఎవరూ చూడలేదు. వాడు అదంతా మూటగట్టుకుని రాత్రికి రాత్రి యజమాని గుమ్మం ముందు పెట్టాడు. ‘పొలం మీది, మీ సొమ్ము మీరు తీసుకోండి’ అన్నాడు. ఆ నిజాయితీకి గంగు కదిలిపోయి యువరాజుకు చెప్పాడు, యువరాజు సుల్తానుకు చెప్పాడు, హసన్‌కు వంద గుర్రాల మీద సర్దారీ వచ్చింది. తర్వాత గంగు జాతకం వేసి, ‘నువ్వు రాజువవుతావు. అప్పుడు నా పేరు నీ పేరులో కలుపుకో, నీ ఖజానా లెక్కలు నాకు అప్పగించు’ అని మాట తీసుకున్నాడట.

ఎంత మంచి కథో చూడండి! నా చిన్నప్పుడు మా పెద్దలు దీన్ని చెప్పి, దొరికిన డబ్బు మనది కాదని నేర్పేవాళ్ళు. ఆ నేర్పినదాని మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ ఈ కథ రాసింది ఎవరు, ఎప్పుడు అని అడగాలి కదా. హసన్ దౌలతాబాదులో అలాఉద్దీన్ హసన్ బహమన్ షా అని, బహమనీల తొలి సుల్తానుగా, కిరీటం పెట్టుకున్నది 1347 ఆగస్టు 3న. ఈ కథ రాసిన ఫెరిష్తా 1600 దాటాక బీజాపూరు కొలువులో కూర్చుని చరిత్ర రాశాడు. అంటే రెండున్నర శతాబ్దాల దూరం. ఈ కథకు హసన్ కాలంనాటి ఆధారం ఒక్కటైనా చరిత్రకారులకు దొరకలేదు. అలాగని మొత్తం కల్పన అని కొట్టెయ్యడానికీ లేదు. ఆ రోజుల్లోనే ఢిల్లీలో ఉన్న జియాఉద్దీన్ బరనీ కూడా ఆయన్ని హసన్ గంగు అనే రాశాడు. బహు పేదింట పుట్టినవాడని కూడా అన్నాడు. పేరు పాతదే, పేదరికం పాతదే. గొలుసూ బంగారమూ మాత్రం తర్వాతి చేతుల్లో పెరిగినట్టు నాకు తోస్తుంది.

ఇక మన అమ్మాయి మాట. హసన్ గద్దె ఎక్కగానే తీసుకున్న బిరుదు బహమన్ షా. బహమన్ అంటే ఇస్ఫందియార్ కొడుకు. పాత ఇరాన్ వీరగాథల్లో, ఫిర్దౌసి షానామాలో వచ్చే రాజు. ఆయన సంతతివాళ్ళమని ఈ కొత్త వంశం చెప్పుకుంది. తర్వాత అహమ్మద్‌నగర్ కొలువులో తబాతబాయీ అనే ఆయన తాతముత్తాతల పట్టీ కూడా పేర్చి పెట్టాడు. అసలు ఆ కాలంలో ఫార్సీ కొలువులన్నిటికీ షానామా పుణ్యగ్రంథం లాంటిది. ఇసామీ అనే కవి దౌలతాబాదులో ఉండేవాడు. మహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ జనాన్ని దక్షిణాదికి తరలించినప్పుడు, తొంభై ఏళ్ళ తాతగారు దారిలోనే పోతే కన్నీళ్ళతో ఇక్కడికి చేరిన పిల్లాడు ఆయన. 1350లో షానామా వరసలోనే పెద్ద పద్యచరిత్ర రాసి హసన్‌కు అంకితమిచ్చాడు. తుగ్లక్ మీద ఆ మనిషికున్న కోపం ఇప్పుడు చదివినా కాలుతుంది.

ఏమ్మా, నవ్వుతున్నావు? ఇరాన్ పురాణ రాజు మనవడు దక్కనులో ఎలా తేలాడనా? అఫ్ఘాన్ కొండల్లో ఇంకా విచిత్రం జరిగింది, విను. అక్కడ ఘోర్ అనే కొండసీమ ఉంది. ఆ ఘోరీలే గజనీని తగలబెట్టారు, 1192లో తరాయిన్ దగ్గర పృథ్వీరాజును ఓడించారు. వాళ్ళ చరిత్ర జుజ్జానీ అనే ఆయన 1260లో ముగించాడు. అందులో వాళ్ళ మూలపురుషుడు ఎవరనుకున్నారు? జహ్హాక్! షానామాలో భుజాల మీద రెండు పాములు మొలిచి, వాటికి రోజూ మనుషుల మెదళ్ళు పెట్టే క్రూరుడు. అంత దుర్మార్గుడైనా ఫరవాలేదు, రాజైతే చాలనుకున్నారు. ఆ ఘోరీలు ఎవరన్నది ఇప్పటికీ తగువే. పష్తూన్లు మా వాళ్ళంటారు. తాజిక్కుల్లాంటి ఇరానీ కొండజాతి అని ఎక్కువమంది పండితుల మాట.

ఖల్జీలదీ ఇదే తగువు. మన ఓరుగల్లు మీదికి మాలిక్ కాఫుర్‌ను పంపిన అలాఉద్దీన్ ఖల్జీ వంశం. పుట్టుకకు తురుష్కులు, కానీ తరతరాలు అఫ్ఘాన్ నేల మీద ఉండిపోయారు. 1290లో జలాలుద్దీన్ గద్దె ఎక్కితే, ‘వీడు మనవాడు కాదు, అఫ్ఘాన్‌లాంటివాడు’ అని ఢిల్లీ తురుష్కులు ముఖం తిప్పుకున్నారు. ఆయన కొన్నాళ్ళు ఊళ్ళోకి రాకుండా బయట కిలోఖ్రీలోనే కొలువు తీర్చుకున్నాడు.

ఇప్పుడు పెద్దాడా, నీ అఫ్ఘాన్ మాట. అది ఊరికే పుట్టలేదు. తుగ్లక్ మీద దౌలతాబాదులో తిరగబడినవాళ్ళు వంద మంది సైన్యానికో అధికారిగా ఉండే అమీర్లు. వాళ్ళలో అఫ్ఘాన్లు బాగానే ఉన్నారు. వాళ్ళు ముందు సుల్తానుగా నిలబెట్టినది హసన్‌ను కాదురా, ఇస్మాయిల్ ముఖ్ అనే పెద్దాయనను. ఆయన అఫ్ఘాన్ అన్నది ఖాయం. ముసలితనం వల్ల ఆ భారం మోయలేనని ఆయనే తప్పుకుంటే హసన్ ముందుకొచ్చాడు. అఫ్ఘాన్ల మధ్య లేచినవాడు కాబట్టి ఇతనూ అఫ్ఘానే అని చాలామంది రాశారు. ఇంకో మాట కూడా ఉంది. అలాఉద్దీన్ ఖల్జీ సేనాని జఫర్ ఖాన్, 1299లో మంగోలుల మీద పోరాడి చనిపోయాడు చూడు, ఆయన మేనల్లుడో అన్నకొడుకో ఈ హసన్ అని. బహమన్ షా కాకముందు హసన్ బిరుదు కూడా జఫర్ ఖానే. ఉస్మానియాలో పాఠం చెప్పిన హారూన్ ఖాన్ షేర్వానీ బహమనీల మీద 1953లో పెద్ద పుస్తకమే వేశారు. ఈ మూటలన్నీ ఆయన విప్పి చూశారు. మీరు పెద్దయ్యాక చదవండి.

నా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. హసన్ ఢిల్లీ సైన్యంతో దక్షిణాదికి వచ్చిన మామూలింటి సిపాయి. పరాక్రమంతో పైకొచ్చాడు. అఫ్ఘాన్ అయ్యుండొచ్చు, రుజువు లేదు. ఇరాన్ తాత మాత్రం కొలువు కవులు తెచ్చిపెట్టిన తాత. కొండపల్లిలో పొణికి చెక్క చెక్కేటప్పుడు చూశారుగా, రంగు పడేదాకా అది దశావతారాల్లో ఎవరో మనం పోల్చుకోలేం. రాజు వంశమూ అంతే, గద్దె ఎక్కాకే రంగు పడుతుంది. ఆ బొమ్మలవాళ్ళు ఆర్యక్షత్రియులు. తాతలు రాజస్థాన్ నుంచి వచ్చారనీ, శివుడు విద్య ప్రసాదించిన ముక్త ఋషి తమ మూలపురుషుడనీ చెప్పుకుంటారు. ఆ మాట వాళ్ళు ఎంత ప్రేమగా చెబుతారో! చేతిపని మీద గౌరవం ఉన్నవాళ్ళు దానికో ఋషిని తెచ్చుకున్నారు. అందులో ఎవరికీ నష్టం లేదు.

మన రాజులు తక్కువ తిన్నారా! కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. అందులో వంశం సూర్యుడి దగ్గర మొదలై ఇక్ష్వాకు, రఘువుల మీదుగా దిగుతుంది. అదే గణపతిదేవుడి కాలంలో సామంతులు వేయించిన భూత్పూరు, వడ్డమాను శాసనాల్లో కాకతీయులు నాలుగో వర్ణం వాళ్ళని దాపరికం లేకుండా ఉంది. దేశదేశాల వర్తకులు చూసే రేవులో ఒక వంశం, ఇంటి మనుషుల ఊళ్ళో ఇంకో వంశం.

నన్ను నిజంగా బాధపెట్టే ముచ్చట ఇప్పుడు చెబుతాను. మీరు పొద్దున ఎక్కి దిగిన కొండ కిందే జరిగింది. ఈ ‘ఎవడు ఎక్కడివాడు’ అన్న మాట కొలువు కవిత్వంలో ఉన్నంతసేపూ వినోదమే. కొండపల్లిలో అది ఒక మనిషిని చంపింది.

బహమనీ కొలువులో రెండు జట్లు. ముందు తరాల్లో వచ్చి స్థిరపడినవాళ్ళు, ఇక్కడే పుట్టి మతం మారినవాళ్ళు, ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు కలిసి దక్కనీలు. ఇరాన్ నుంచి, ఆ పైదేశాల నుంచి ఓడ దిగి కొత్తగా వచ్చినవాళ్ళు ఆఫాకీలు. మహమూద్ గవాన్ ఆఫాకీ. 1411లో ఇరాన్‌లోని గిలాన్‌లో పుట్టాడు. నలభై దాటాక గుర్రాలూ సరుకులూ తీసుకుని దాభోల్ రేవులో దిగాడు. వ్యాపారిగా బీదరుకు వచ్చి వజీరు అయ్యాడు. బీదరులో ఆయన కట్టించిన మదరసా ఈనాటికీ సగం నిలబడి ఉంది. ఆయన రెండు జట్లకూ సమానంగా పదవులు పంచాడు. సుబేదార్లు మరీ బలవంతులై పోతున్నారని నాలుగు రాష్ట్రాలను ఎనిమిది చేశాడు. మన తెలంగాణ రాష్ట్రాన్ని కోసి రాజమహేంద్రవరం ఒకరికీ, ఓరుగల్లు ఇంకొకరికీ ఇచ్చాడు. మొత్తం తనకే కావాలనుకున్న దక్కనీ జట్టు నాయకుడు మాలిక్ హసన్ బహ్రీకి రాజమహేంద్రవరం ఒక్కటే మిగిలింది. ఆ మంట ఆరలేదు.

1481లో మూడో మహమ్మద్ షా సుల్తాను కంచి దాకా వెళ్ళి, ఆలయాలు కొల్లగొట్టి, తిరిగొచ్చి కొండపల్లిలో విడిది చేశాడు. శత్రువులు గవాన్ ముద్రలు కాపాడే మనిషికి బాగా తాగబోసి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. దాని మీద ఒరిస్సా గజపతి పురుషోత్తముడికి ఉత్తరం రాశారు, ‘మా రాజు తాగుబోతు, నువ్వు ఇటునుంచి రా’ అని. సుల్తాను మత్తులో ఉండగా చదివి వినిపించారు. గవాన్‌ను పిలిపించాడు. స్నేహితులు వెళ్ళొద్దన్నారు, గుజరాతుకు పారిపొమ్మన్నారు. ఆయన వెళ్ళాడు. ముద్ర నాదే, రాత నాది కాదు అన్నాడు. సుల్తాను వినలేదు, జౌహర్ అనే బానిసకు సైగ చేసి లేచి వెళ్ళిపోయాడు. ఏప్రిల్ 5న ఆ డెబ్బై ఏళ్ళ మనిషి తల తెగింది.

ఆస్తి జప్తు చేద్దామని ఖజానా తెరిపిస్తే ఏమీ లేదు. తెచ్చుకున్న వర్తకం పెట్టుబడి మీద వచ్చిందే తన తిండికి వాడుకునేవాడనీ, జీతంగా వచ్చిన సొమ్ము సిపాయిలకూ పేదలకూ పోయేదనీ, మట్టికుండల్లో వంట, చాప మీద పడక అనీ ఖజానాదారు చెప్పాడట. ఇది ఫెరిష్తా రాసినదే. మొదటి కథ మీద అనుమానపడ్డ నేను దీన్నెందుకు నమ్ముతున్నానంటారా? గవాన్ రాసిన ఫార్సీ ఉత్తరాల సంపుటం ఇంకా ఉంది కాబట్టి. అందులో ఆయన మనసు తెలుస్తుంది. సుల్తాను ఏడాది తిరక్కుండానే, 1482 మార్చిలో, తాగి తాగి కుమిలి పోయాడు.

ఇప్పుడు ఆ బహ్రీ సంగతి వినండి. పరదేశి పెత్తనం ఏమిటని గవాన్ మీద కత్తి నూరిన ఆ మాలిక్ హసన్ ఎవరో తెలుసా? ఫెరిష్తా ప్రకారం మహారాష్ట్రలో పాత్రి ఊరి కులకర్ణుల ఇంటి బ్రాహ్మణ పిల్లాడు. బహమనీ సైన్యం విజయనగరం మీద యుద్ధంలో పట్టి తెచ్చి, మతం మార్చి, సుల్తాను ఇంట పెంచారు. గవాన్ కొనుక్కుని కొడుకులా చూసుకున్న యూసుఫ్ ఆదిల్ ఖాన్, బీజాపూరు గద్దె ఎక్కిన తర్వాత ఆటోమన్ సుల్తాను మురాద్ కొడుకుగా మారాడు, అదీ ఫెరిష్తా పుణ్యమే. ఆ కొలువు అన్నం తిని రాశాడు మరి. బెరారు గద్దె ఎక్కిన ఫతుల్లా ఇమాదుల్ ముల్క్ విజయనగరం సీమలో పట్టుబడ్డ కన్నడ పిల్లాడు. గోల్కొండ ఏలిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన తురుష్కుడు. బహమనీ రాజ్యం ముక్కలైతే ఆ ముక్కలు వీళ్ళ చేతుల్లోకే వెళ్ళాయి.

బహ్రీ ఎక్కువకాలం అనుభవించలేదు. చిన్నపిల్లాడైన కొత్త సుల్తానుకు పెద్దదిక్కుగా పెత్తనం చేసి, 1486లో తానూ హత్యకు గురయ్యాడు. ఆయన కొడుకు మాలిక్ అహమ్మద్ స్వతంత్రుడై అహమ్మద్‌నగర్ కట్టుకున్నాడు. ఇందాక చెప్పానే, బహమనీలకు వంశపట్టీ పేర్చిన తబాతబాయీ అని. ఆయన ఉన్నది ఆ కొలువులోనే. అహమ్మద్ అసలు బహ్రీ కొడుకే కాదని, కొండపల్లిలో గవాన్‌ను చంపించిన ఆ సుల్తాను సొంత కొడుకని రాసి పెట్టాడు. అలా పాత్రి కులకర్ణి మనవడు కూడా ఇస్ఫందియార్ వంశంలోకి వెళ్ళిపోయాడు.