స్నెంటన్ గాలిమర నుంచి హోమ్ థియేటర్ దాకా

ఖరీదైన హోమ్ థియేటర్ రిసీవర్ సంగతి ఎత్తితే మాట ముందు వాట్ల మీదికి, తర్వాత ఛానెళ్ల మీదికి పోతుంది. నా దృష్టిలో ఆ పెట్టెలో డబ్బు పోయదగ్గది ఈ రెండూ కావు, గదిని కొలిచి ధ్వనిని దిద్దే తెలివి. దాని వేళ్లు వెతుక్కుంటూ వెళ్తే ఒకటి ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ తూర్పు అంచున, స్నెంటన్ గుట్ట మీది పిండిమరలో తేలుతుంది.

పెట్టె చరిత్ర చిన్నదే. 1954లో హర్మన్ కార్డన్ కంపెనీ రేడియో ట్యూనర్‌నూ యాంప్లిఫయర్‌నూ కలిపి ఫెస్టివల్ డి1000 అమ్మింది. 1982లో డాల్బీ సరౌండ్, 1987లో ప్రో లాజిక్ ఇంట్లోకి సినిమా ధ్వనిని తెచ్చాయి. ఆ మధ్యలోనే, 1986లో, కృష్ణ 'సింహాసనం'తో తెలుగు ప్రేక్షకులు 70 ఎంఎం తెర మీద స్టీరియో ధ్వని విన్నారు. డీవీడీతో 5.1 ఛానెళ్ల ధ్వని ఇళ్లలో వ్యాపించింది. 2012లో థియేటర్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ 2014కల్లా ఇళ్లకు చేరి, చప్పుడును నెత్తి మీదికి కూడా తీసుకెళ్లింది. డెనాన్ వారి ఏవీసీ-ఏ1హెచ్ రిసీవర్ 32 కిలోల బరువుంటుంది, లోపల 15 యాంప్లిఫయర్లు.

ఇంత సరంజామానూ నాటింగ్‌హామ్‌లోని లెంటన్‌లోనో ఫారెస్ట్ ఫీల్డ్స్‌లోనో ఒక విక్టోరియన్ వరస ఇంటి ముందుగదిలో పెట్టి చూడండి. గోడకూ గోడకూ మధ్య నాలుగు మీటర్లనుకుందాం. సెకనుకు 343 మీటర్లు నడిచే ధ్వని ఆ కొలత దగ్గర సుమారు 43 హెర్ట్జ్ వద్ద చిక్కుకుంటుంది. ఆ స్వరం గోడల దగ్గర గుమ్మని మోగుతుంది, సరిగ్గా నట్టనడుమ కూర్చున్నవాళ్లకు దాదాపు వినపడదు. 'ఆర్ఆర్ఆర్'లో డప్పు మోగితే సోఫాలో ఒకరికి గుండె అదురుతుంది, పక్కవాళ్లకు ఏమీ ఉండదు. వాట్లు పెంచితే ఈ తేడా తీరదు. పక్కింటివాళ్లకూ మనకూ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ, వాళ్ల నిద్ర మాత్రం చెడుతుంది.

ఇక్కడే జార్జ్ గ్రీన్ గుర్తొస్తాడు. రొట్టెలు కాల్చే ఇంట 1793లో పుట్టాడు. బడి చదువు ఏడాదికి మించలేదు. తండ్రి 1807లో స్నెంటన్‌లో గాలిమర కట్టిస్తే అందులో పిండి ఆడించాడు. 1828లో నాటింగ్‌హామ్‌లోనే, చందాదారుల డబ్బుతో, విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద ఒక గణిత వ్యాసం అచ్చువేయించాడు. చందాదారులు 51 మంది. ఒక్కో ప్రతి వెల ఏడున్నర షిల్లింగులు. కొన్నవాళ్లలో దాన్ని చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లు ఎందరుండి ఉంటారో ఊహించుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. నలభై ఏళ్ల వయసులో కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు, ధ్వని పరావర్తనం మీద కూడా రాశాడు, 1841లో పోయాడు. నాలుగేళ్ల తర్వాత, తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ చేతికి ఆ వ్యాసం దొరికింది. 1850 నుంచి జర్మనీ గణిత పత్రికలో అది తిరిగి అచ్చయింది.

గ్రీన్ ఫంక్షన్ అనే పేరుతో గణితంలో నిలిచిన ఆలోచన ఇది. ఒకచోట ఒక్క కుదుపు పెడితే మిగతా చోట్ల ఏమవుతుందో కనిపెట్టు, అప్పుడు ఎంత చిక్కు మూలానికైనా జవాబు అలాంటి కుదుపుల ఫలితాలను కూడితే వస్తుంది. గ్రీన్ దీన్ని విద్యుత్తు కోసం వాడాడు, తర్వాతివాళ్లు తరంగాలకు విస్తరించారు. రిసీవర్ సెటప్‌లో మైకు పెట్టగానే ఒక్కో స్పీకర్ కూయ్‌మని ఊళ వేస్తుంది కదా, అప్పుడు యంత్రం కొలిచేది దీన్నే. స్పీకర్ దగ్గర పుట్టిన కుదుపు మన చెవి దగ్గరికి ఎలా చేరింది, ఎంతసేపు మిగిలింది అన్నది. అమెరికాలో విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి 2002లో పుట్టిన ఆడిసీ, స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి వచ్చిన డిరాక్ అనే ధ్వని దిద్దుబాటు పద్ధతులు ఈ కొలత మీదే బతుకుతున్నాయి.

43 హెర్ట్జ్ దగ్గర ఉబ్బును ఇవి చక్కగా తగ్గిస్తాయి. పక్కింటికి పోయే మోత కూడా ఆ మేరకు తగ్గుతుంది. నట్టనడుమ ఉన్న గుంటను మాత్రం పూడ్చలేవు. అక్కడ ఎంత శక్తి పోసినా అవతలి గోడ నుంచి తిరిగొచ్చిన అల దాన్ని రద్దు చేస్తుంది. అందుకే సోఫాను ఒక్క మూర వెనక్కి జరపడం కొన్నిసార్లు రెండు వేల పౌండ్ల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

2023లో డిరాక్ తెచ్చిన యాక్టివ్ రూమ్ ట్రీట్‌మెంట్ ఒక అడుగు ముందుకేసింది. ఒక స్పీకర్ రేపిన మోతను గదిలోని మిగతా స్పీకర్లు ఎదురు అలలతో అణచివేస్తాయి. పదిహేను ఛానెళ్లు కొనడానికి నాకు ఒప్పుకోదగ్గ కారణం ఇదొక్కటే.