ప్లాటినం మీద నికెల్: లెక్కకు రాని హైడ్రోజన్

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం తీరాన ఉప్పునీట మునిగే ఉక్కుకు జింకు దిమ్మలు బిగించి తుప్పు ఆపినచోట, కొన్నాళ్లకు తెల్లటి పెచ్చు కడుతుంది. చూసినవారు ఉప్పు పేరుకుందనుకుంటారు. అది కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్. సముద్రజలం పీహెచ్ 8.1 దగ్గర ఉన్నా, కాథోడ్‌గా మారిన ఉక్కును ఆనుకున్న పల్చటి పొరలో కరెంటు వల్ల అది బాగా పెరగడంతో ఆ లవణాలు అక్కడే గట్టిపడతాయి. నెల్లూరు తీరపు ఈ పెచ్చే ప్లాటినం మీద నికెల్ నిక్షేపణ గురించి ఒక అనుమానం రేపింది: కాథోడ్‌కు చేరిన కరెంటంతా లోహం ఖాతాలోనే రాయవచ్చా?

రాయవచ్చన్న ధీమా 1983 నాటి షారిఫ్కర్–హిల్స్ నమూనాతో బలపడింది. కరెంటు శిఖరాన్ని, దాని సమయాన్ని తీసుకుని, న్యూక్లియేషన్ (లోహపు తొలి రేణువులు పుట్టడం) ఒక్కసారిగా జరిగిందా, క్రమంగా జరిగిందా అని తేల్చే పద్ధతి అది. ముచ్చటైన గణితమే. కాని అందులో కరెంటంతా విసరణతో వచ్చే లోహ అయాన్లదే. ఆ షరతును మరచి నికెల్‌కు, అదీ ప్లాటినం మీద, గుడ్డిగా అంటగట్టినవారితోనే పేచీ.

నికెల్ ప్రమాణ పొటెన్షియల్ −0.257 వోల్టులు. పీహెచ్ 4 వద్ద హైడ్రోజన్ సమతాస్థితి −0.237 వోల్టులు. అంటే నికెల్ గడప తొక్కేసరికే హైడ్రోజన్‌కు తలుపు తెరిచి ఉంటుంది. పైగా హైడ్రోజన్ విడుదలలో ప్లాటినం నికెల్‌కన్నా వందల రెట్లు చురుకు. ఖాళీ ప్లాటినాన్ని నికెల్ కప్పేకొద్దీ ఆ చురుకు తగ్గి కరెంటు పడిపోతుంది. ఆ పతనాన్నే విసరణ అని చదివేస్తున్నారు! ఈలోగా ఉపరితలం దగ్గర పీహెచ్ పెరిగితే నికెల్ హైడ్రాక్సైడ్ కూడా పూతలో చిక్కుకుంటుంది. నికెల్ పూతకు వాడే వాట్స్ బాత్‌లో బోరిక్ ఆమ్లం వేసేది దీన్ని అడ్డుకోవడానికేనన్నది పాత మాట. హోర్ అనే పరిశోధకుడు 1986లో దానికి ఉత్ప్రేరక పాత్ర అంటగట్టారు.

తేల్చుకోవడం కష్టం కాదు. ఫాయిల్ మీద పది కూలుంబులు దాటిస్తే, కరెంటంతా నికెల్‌దే అయితే 3.04 మిల్లీగ్రాములు దిగాలి. నిజంగా దిగినదెంతో పూతను కరిగించి తూయాలి. వ్యతిరేక దిశలో కరెంటు పంపి కరిగిద్దామంటే నికెల్ పైన ఆక్సైడ్ పొర కట్టుకుని మొండికేస్తుంది. గోరువెచ్చని సజల నత్రికామ్లంలో వేస్తే బూడిదరంగు పూత వదిలి, ప్లాటినం తళుక్కున బయటపడుతుంది. ఆ ద్రావణాన్ని అమోనియాతో క్షారం చేసి డైమిథైల్ గ్లయాక్సైమ్ వేస్తే గులాబీ ఎరుపు అవక్షేపం ఏర్పడుతుంది. ఎండబెట్టి తూస్తే అందులో 20.3 శాతం నికెల్. చిక్కుకున్న హైడ్రాక్సైడ్ కూడా ఇందులో పడుతుంది కనుక అసలు లోహం ఇంతకన్నా ఎక్కువ ఉండదు.

గాఢమైన బాత్‌లో, మందంగా పూత పడ్డాక, ఈ దోషం కొద్దిదేనన్నది నిజం. అయితే 2005లో కోబాల్ట్‌కు ప్రోటాన్ల వాటాను విడదీసిన సమీకరణంలో షారిఫ్కరే భాగస్వామి. ఇంకా పాత లెక్కనే పట్టుకు వేలాడటం దేనికి?

ప్లాటినం మీద లెక్కగట్టిన న్యూక్లియస్‌ల సంఖ్యల్లో చాలావాటిని నమ్మలేం. ఉక్కు మీద నికెల్ వేసినా హైడ్రోజన్ బుడగలు అంటుకున్నచోట పూతలో గుంటలు పడతాయి. నెల్లూరు ఉప్పుగాలిలో ఆ గుంటల నుంచే తుప్పు ఇనుమును మరింత వేగంగా తింటుంది. కరిగించి తూచిన నికెల్ లెక్క జతచేయని న్యూక్లియేషన్ వ్యాసాలను సంపాదకులు ఇకనైనా తిప్పిపంపాలి.