మునిగిన నౌకకు దక్కిన అభయము

సముద్రములో రక్షిత క్షేత్రమనగానే పగడపు దిబ్బలును, తిమింగిలములును మనసున మెదలుట సహజము. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములు 1972లో అందుకై శాసనము చేసికొని, 1975 జనవరి 30న ప్రప్రథమముగా ప్రకటించిన క్షేత్రము జలచరముల కొఱకు గాక, అంతర్యుద్ధ కాలమున, 1862 డిసెంబరు 31న, కేప్ హాటెరస్ చెంత తుపానుకు లోనై మునిగి, సుమారు 70 మీటర్ల లోతున తలక్రిందులై పడియున్న మానిటర్ అను ఇనుప యుద్ధనౌక కొఱకు ఏర్పడినది. అభయము పొందుటకు ప్రాణమే యుండనక్కరలేదన్న మాట!

అంత లోతున మనుష్యుడు నిలిచి పనిచేయుటకు తగిన వాహనమును సమకూర్చినవాడు ఎడ్విన్ లింక్. విమానము నడుపుటను నేలపైనే నేర్పు యంత్రమును నిర్మించి ప్రఖ్యాతుడైన ఈతడు, పిదప దృష్టిని ఆకాశమునుండి సాగరమునకు మరల్చి, సీవార్డ్ జాన్సన్ అండతో 1971లో జాన్సన్ సీ లింక్ అను చిన్న జలాంతర్గామిని సిద్ధపఱచెను. ముందుభాగమున పారదర్శకమైన ఆక్రిలిక్ గోళము. అందు చోదకుడును, పరిశీలకుడును కూర్చుందురు. వెనుక అల్యూమినియముతో చేసిన ఇఱుకు గది ఇద్దఱు డైవర్లకు. గదిలోని పీడనము వెలుపలి నీటి పీడనముతో సమమైనంతనే అడుగు తలుపు తెఱచుకొని, వారు నేరుగా సముద్రములోనికి వెడలి, పని ముగించి, మరల ఆ గదినే చేరుదురు.

1973 జూన్ 17న కీ వెస్ట్ సమీపమున, చేపలకు నెలవు కావలెనని ముంచిన పాత యుద్ధనౌక యొద్ద, సుమారు 110 మీటర్ల లోతున, ఈ వాహనము తీగలలో చిక్కుకొని ఒకనాటికి పైగా కదలలేకపోయెను. ఆక్రిలిక్ చలిని అంత తొందరగా లోనికి రానీయదు; అల్యూమినియమో, వెంటనే చల్లబడును. ఆ చలికి వెనుక గదిలో బొగ్గుపులుసు వాయువును పీల్చుకొను రసాయనము పనిచేయకుండెను. గోళములోని ఇద్దఱును బ్రతికిరి; వెనుకనున్న ఆల్బర్ట్ స్టోవరును, లింకు సొంత కుమారుడైన ఎడ్విన్ క్లేటన్ లింకును మరణించిరి. మనుష్యులను పంపనేల, కెమెరాలు గల యంత్రములు చాలవా యని వాదించువారిని ఈ సంఘటన తరువాత త్రోసిపుచ్చుట సులభము కాదు.

అయినను జాన్సన్ సీ లింక్ ప్రయాణములు ఆగలేదు. 1977లో మానిటర్ కడకు దిగిన డైవర్లు ఎఱ్ఱని అద్దము గల సంకేత దీపమును పైకి తెచ్చిరి. మునుగు రాత్రి సాటి నౌకవారి కంటికి కట్టకడపట కానవచ్చినది ఆ ఎఱ్ఱ వెలుగే. శిథిలమునుండి మొట్టమొదట వెలికివచ్చిన వస్తువును అదే. 1979లో పురాతత్త్వ శాస్త్రజ్ఞులే స్వయముగా ఆ వాహనపు వెనుక గదిలో కూర్చుండి దిగి, ఓడ నడుమ త్రవ్వకము సాగించిరి. వారికి ప్రతి చారెడు మన్నును చేతితో తడవి చూడవలసిన అగత్యము కలిగినది. ఆనాటి యంత్రహస్తములకు ఆ నేర్పు లేదు.

1990ల చివర సముద్ర శాస్త్రజ్ఞురాలు సిల్వియా ఎర్ల్ నాయకత్వమున సాగిన యాత్రలలో, మానిటర్ క్షేత్రము తరువాత అమెరికాలో ఏర్పడిన ఇట్టి రక్షిత క్షేత్రములు పలుచోట్ల, 600 మీటర్లవఱకు దిగగల డీప్ వర్కర్ అను ఏకాసన వాహనములకు పరిశీలనా స్థలములైనవి. అందు శాస్త్రజ్ఞుడే చోదకుడు. కాళ్లక్రింది పెడళ్లతో నడుపుచు, చేతులను నమూనాలు ఏరుటకు వదలి ఉంచుకొనును. ప్రాణవాయువెంత, బొగ్గుపులుసు వాయువెంత యని తానే చూచుకొని పైనున్న ఓడకు అప్పుడప్పుడు చెప్పవలెను.