లోహం, స్ఫటికం, నడుమ ఒక అవరోధం: షాట్కీ డయోడ్ చరిత్ర

లోహాన్ని అర్ధవాహకానికి ఆనించిన చోట కరెంటు ఒక వైపు సులువుగా పోతుంది, ఎదురు వైపు దాదాపుగా ఆగిపోతుంది. ఈ గుణం మీద ఆధారపడి పనిచేసేదే షాట్కీ డయోడ్. అర్ధవాహక పరికరాలన్నిటిలోనూ పాతది ఇదే. దీని మూలమైన ప్రయోగం ట్రాన్సిస్టర్ కంటే 73 ఏళ్ల ముందు జరిగింది. అందులో 64 ఏళ్లు, అది ఎందుకలా ప్రవర్తిస్తుందో సరిగ్గా ఎవరికీ తెలియకుండానే గడిచిపోయాయి. తెలిసిన తర్వాత కూడా లెక్కకూ కొలతకూ పొంతన కుదరడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది. ఆలస్యానికి కారణం చాలావరకు ఒక్కటే: రెండు పదార్థాలు తాకే ఉపరితలం మీద నిజంగా ఏముందో చూడలేకపోవడం.

1874లో ఫెర్డినాండ్ బ్రౌన్‌కు 24 ఏళ్లు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో బడిపంతులు. లోహ సల్ఫైడ్ స్ఫటికాలలో విద్యుత్తు ఎలా ప్రవహిస్తుందో పరీక్షిస్తూ ఆయన గెలీనా, పైరైట్ వంటి ఖనిజాలను తీసుకున్నారు. గెలీనా అంటే సీసపు సల్ఫైడ్. పల్నాడులోని బండ్లమోటు గనిలో సీసం కోసం తవ్వింది ఈ ఖనిజాన్నే. కళ్లకు పెట్టుకునే సుర్మాలో కూడా చాలాచోట్ల దీని పొడే ఉంటుంది. స్ఫటికానికి ఒక పక్క వెడల్పుగా లోహాన్ని తాకించి, రెండో పక్క సన్నని మొనను ఆనించినప్పుడు, కరెంటు దిశ మారిస్తే దాని పరిమాణం కూడా మారుతున్నట్టు బ్రౌన్ గమనించారు. కొన్ని నమూనాల్లో తేడా 30 శాతం దాకా వచ్చింది. ఓమ్ నియమం ప్రకారం అలాంటి తేడాకు అసలు తావే లేదు. మొన ఎంత సన్నగా ఉంటే తేడా అంత స్పష్టంగా కనిపిస్తుందని కూడా ఆయన పసిగట్టారు. 1876లో లైప్‌జిగ్‌లో దీన్ని ప్రదర్శించి చూపారు. అయినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అప్పట్లో ప్రయోగశాలల్లో కరెంటంతా బ్యాటరీల నుంచి వచ్చేది. ఏకదిశా కరెంటు చేతిలో ఉండగా దాన్ని తయారుచేసే పరికరంతో ఎవరికీ పని పడలేదు.

పని వైర్‌లెస్‌తో వచ్చింది. గాలిలో వచ్చే తరంగం సెకనుకు లక్షలసార్లు ముందుకూ వెనక్కీ ఊగుతుంది. అందులో ఒక సగాన్ని ఆపేస్తే తప్ప మిగిలినదాన్ని మీటరూ చూపలేదు, చెవీ వినలేదు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్రబోస్ కొన్ని మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉన్న తరంగాలతో ప్రయోగాలు చేస్తూ, వాటిని పట్టుకోవడానికి గెలీనా మొన స్పర్శను వాడుకున్నారు. దాని మీద 1901లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు పెట్టగా 1904 మార్చి 29న మంజూరైంది. అర్ధవాహక పరికరం మీద ప్రపంచంలో వచ్చిన తొలి పేటెంటుగా దీన్నే చెబుతారు. బోస్ సాధించినవాటిలో మొక్కల మీద చేసిన పనికి దక్కినంత ప్రచారం దీనికి దక్కలేదు, దక్కవలసింది.

1906లో అమెరికాలో రెండు పేటెంట్లు వెంటవెంటనే వచ్చాయి. హెన్రీ డన్‌వుడీ కార్బొరండం స్ఫటికాన్ని, గ్రీన్‌లీఫ్ పికార్డ్ సిలికాన్‌ను రేడియో డిటెక్టర్లుగా నమోదు చేయించుకున్నారు. పికార్డ్ ఓపిక చెప్పుకోదగ్గది. ఏ ఖనిజం ఏ లోహంతో బాగా పనిచేస్తుందో తేల్చడానికి వేలకొద్దీ జంటలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. దారి చూపే సిద్ధాంతం లేనప్పుడు మిగిలేది ఆ పద్ధతే.

ఇలా పుట్టిన క్రిస్టల్ సెట్టు 1920ల్లో లక్షల ఇళ్లకు చేరింది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఏరియల్‌లో పుట్టే కొద్దిపాటి శక్తే ఇయర్‌ఫోను మోగించడానికి సరిపోతుంది. గెలీనా ముక్కను చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టి చుట్టూ వుడ్ మెటల్ అనే మిశ్రలోహాన్ని కరిగించి పోసేవారు. అది సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి వేడికి స్ఫటికం పాడవదు. మామూలు టంకానికి కావలసిన వేడి తగిలితే చాలు, గెలీనా గుణం పోయేది. పైనుంచి స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ దిగేది. ఇంగ్లిషువాళ్లు దాన్ని పిల్లిమీసం అన్నారు. శ్రోత ఇయర్‌ఫోను పెట్టుకుని, చిన్న పిడి పట్టుకుని ఆ తీగ మొనను స్ఫటికం మీద అక్కడా ఇక్కడా ఆనిస్తూ వెతకాలి. ఒక చోట స్టేషను గట్టిగా వినిపిస్తుంది, వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఏమీ వినిపించదు. ఎవరైనా గట్టిగా తలుపు వేసినా ఆ చోటు తప్పిపోయేది. స్ఫటికాన్ని వేలితో తాకవద్దనేవారు, చేతి జిడ్డు అంటితే ఇక పలకదు.

ఎందుకలా? వేడివల్ల స్పర్శ దగ్గర విద్యుత్తు పుడుతోందని మొదట చాలామంది నమ్మారు. హార్వర్డ్‌లో జార్జ్ పియర్స్ కొలతలు తీసి అది సరికాదని 1909 నాటికి తేల్చారు. కరెంటు గీతను కళ్లారా చూడటానికి ఆయన వాడిన సాధనం కాథోడ్ కిరణ నాళం; 1897లో దాన్ని తయారుచేసింది మళ్లీ ఆ ఫెర్డినాండ్ బ్రౌనే. అదే 1909లో బ్రౌన్ వైర్‌లెస్ కృషికి మార్కోనీతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

తర్వాత రేడియోల్లో వాల్వులు వచ్చి పిల్లిమీసాన్ని పక్కకు నెట్టాయి. స్పర్శ రెక్టిఫయర్ మాత్రం వేరే రూపంలో బతికింది. రాగి పలక మీద ఆక్సైడ్ పొర పెంచి చేసిన రెక్టిఫయర్లు 1920ల్లోనూ, వాటి వెనకే సెలీనియం పలకలూ బ్యాటరీ చార్జర్లలో స్థిరపడ్డాయి. వాటివల్ల ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది: కరెంటును అడ్డగించేది ఆక్సైడ్ మందమంతా కాదు, రాగికీ ఆక్సైడ్‌కూ మధ్య హద్దు దగ్గరున్న అతి పలుచని పొర మాత్రమే.

1931లో అలన్ విల్సన్ క్వాంటమ్ సిద్ధాంతంతో అర్ధవాహకం అంటే ఏమిటో వివరించారు. మరుసటి ఏడాది స్పర్శ గుణాన్నీ వివరించబూనారు. ఎలక్ట్రాన్లు పలుచని అవరోధం గుండా సొరంగం తవ్వుకున్నట్టు దూరిపోతాయన్నది ఆ వాదం. లెక్క బాగానే ఉంది కానీ కరెంటు ఏ దిశలో సులువుగా పోవాలో దానికి సరిగ్గా తలకిందులుగా చెప్పింది.

చిక్కు విప్పింది వాల్టర్ షాట్కీ. 1886లో జ్యూరిక్‌లో పుట్టి, జర్మనీలో సీమెన్స్ సంస్థలో పనిచేసిన ఈ శాస్త్రవేత్త 1938లో ప్రచురించిన చిన్న వ్యాసంలో అసలు విషయం చెప్పారు. కొద్ది తేడాతో ఇంగ్లండులో నెవిల్ మాట్, సోవియట్ యూనియన్‌లో బోరిస్ డావిడోవ్ కూడా ఆ దారిలోనే నడిచారు. ఎన్ రకం, అంటే కరెంటును ఎలక్ట్రాన్లు మోసే అర్ధవాహకానికి లోహం తగిలితే హద్దుకు దగ్గర్లోని ఎలక్ట్రాన్లు లోహంలోకి జారిపోతాయి. వాటిని ఇచ్చిన మాలిన్య పరమాణువులు ధనావేశంతో అక్కడే మిగులుతాయి. ఎలక్ట్రాన్లు లేని ఈ మేరను లేమి పొర అంటారు. ఘన సెంటీమీటరుకు 10,00,00,00,00,00,00,000 (నూరు కోట్ల కోట్ల) మాలిన్య పరమాణువులున్న సిలికాన్‌లో దీని మందం సుమారు 0.3 మైక్రాన్లు. విల్సన్ ఊహించినట్టు సొరంగంలా దూరడానికి ఇది మరీ మందం. ఎలక్ట్రాన్ దీన్ని ఎక్కి దాటాల్సిందే.

దిశాభేదం ఇక్కడే పుడుతుంది. లోహం వైపు నుంచి చూస్తే అవరోధం ఎత్తు దాదాపు స్థిరం. బయటి వోల్టేజీ దాన్ని మార్చలేదు. అర్ధవాహకం వైపు నుంచి చూస్తే మాత్రం అది వోల్టేజీతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. చెరువు కట్ట ఎత్తు మారకపోయినా లోపలి నీటిమట్టం పెరిగితే అలుగు పారినట్టే, అనుకూల దిశలో వోల్టేజీ పెడితే ఎలక్ట్రాన్లు అవరోధం మీదుగా పొర్లుతాయి. గది వేడిమి దగ్గర ప్రతి 60 మిల్లీవోల్టులకు కరెంటు పదిరెట్లవుతుంది. ఎదురు దిశలో లోహం నుంచి కొద్దిపాటి ఎలక్ట్రాన్లు మాత్రమే దాటగలవు కాబట్టి కరెంటు చిన్నదిగా నిలిచిపోతుంది. ఈ సిద్ధాంతానికి మరో బలమైన రుజువు దొరికింది. లేమి పొర కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది; ఎదురు వోల్టేజీ పెంచేకొద్దీ దాని మందం పెరిగి కెపాసిటెన్స్ తగ్గుతుంది. కెపాసిటెన్స్ వర్గానికి విలోమాన్ని వోల్టేజీతో గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు మాలిన్యాల సంఖ్యనూ, అది అక్షాన్ని తాకే చోటు అవరోధపు ఎత్తునూ చెబుతాయి. అర్ధవాహక ప్రయోగశాలల్లో ఈ కొలత నేటికీ వాడుకలో ఉంది.

ఎలక్ట్రాన్లు లేమి పొరను ఎలా దాటతాయన్న దాని మీద అభిప్రాయభేదం మిగిలింది. దారిలో అనేకసార్లు ఢీకొంటూ నెమ్మదిగా వ్యాపిస్తాయని షాట్కీ లెక్క. వేడి కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడినట్టే చాలినంత శక్తి ఉన్నవి నేరుగా ఎగిరి దాటతాయని హాన్స్ బేతే 1942లో రాశారు. సిలికాన్ వంటి పదార్థాలకు బేతే చెప్పిందే ఎక్కువగా వర్తిస్తుందని తేలింది. 1966లో క్రోవెల్, సైమన్ జీ రెండింటినీ ఒకే సమీకరణంలోకి తెచ్చారు.

బేతే ఆ లెక్క కట్టింది యుద్ధం కోసం. 1940లో బ్రిటన్‌లో తయారైన మాగ్నెట్రాన్‌తో రాడార్ 10 సెంటీమీటర్ల తరంగాలకు దిగింది. అంత పౌనఃపున్యంలో వచ్చే ప్రతిధ్వనిని అందుకోవడం అప్పటి వాల్వుల వల్ల కాలేదు. దాంతో పిల్లిమీసాన్ని మళ్లీ తెచ్చారు. ఈసారి టంగ్‌స్టన్ మొనను సిలికాన్ మీద నొక్కి, వేలెడంత గొట్టంలో కదలకుండా బిగించారు. పాత స్ఫటికాల్లో ఒక చోట పలికి ఇంకో చోట పలకకపోవడానికి కారణం మాలిన్యాలేనని గ్రహించి, శుద్ధమైన సిలికాన్ తయారుచేసే పని అమెరికాలో పెద్ద ఎత్తున మొదలైంది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జర్మేనియం మీద పని సాగింది. యుద్ధం ముగిసేసరికి ఈ రెండు పదార్థాల గురించి పోగైన జ్ఞానమే ట్రాన్సిస్టర్‌కు పునాది అయింది.

మిగిలిన పెద్ద చిక్కు అవరోధం ఎత్తు. సిద్ధాంతం ప్రకారం అది లోహపు పని ప్రమేయాన్ని, అంటే లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తిని బట్టి మారాలి. బంగారానికీ అల్యూమినియానికీ ఈ విలువలో దాదాపు 0.8 ఎలక్ట్రాన్ వోల్టుల తేడా ఉంది. ఎన్ రకం సిలికాన్ మీద కొలిస్తే అవరోధాల మధ్య తేడా 0.1 దరిదాపుల్లోనే కనిపిస్తుంది. 1947లో బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్ దీనికి కారణం చెప్పారు. స్ఫటికం తెగిపోయే చోట, అంటే ఉపరితలం మీద, ఎలక్ట్రాన్లు చిక్కుకునే స్థితులు ఉంటాయి. అవి చాలినన్ని ఉంటే లోహం రాకముందే అవరోధం ఏర్పడిపోతుంది. ఆపైన ఏ లోహం పెట్టినా పెద్ద తేడా రాదు. ఈ ఉపరితల స్థితులను పరీక్షించే ప్రయోగాల్లోనే ఆ ఏడాది డిసెంబరులో బార్డీన్, ఆయన సహచరుడు బ్రాటెన్ జర్మేనియం మీద రెండు బంగారు స్పర్శలతో ట్రాన్సిస్టర్‌ను చేశారు.

ఉపరితలాన్ని లొంగదీసే ఉపాయం 1960ల్లో దొరికింది, ఈ చరిత్రలో అంత అందమైన ఉపాయం మరొకటి లేదు. సిలికాన్ మీద ప్లాటినం పొర వేసి వేడి చేస్తే రెండూ కలిసి ప్లాటినం సిలిసైడ్ అవుతాయి. ఆ చర్య సిలికాన్‌ను కొంత లోతు వరకు తినేస్తుంది. కొత్త హద్దు పాత ఉపరితలానికి కింద, గాలి గానీ మురికి గానీ ఎన్నడూ తగలని చోట ఏర్పడుతుంది. ఎంత కడిగినా రాని శుభ్రత ఇలా దానంతటదే వచ్చింది. అంచుల దగ్గర విద్యుత్ క్షేత్రం గుమిగూడి కరెంటు కారిపోకుండా చుట్టూ పీ రకం (ఎలక్ట్రాన్లకు బదులు వాటి ఖాళీలు కరెంటు మోసే) సిలికాన్ వలయాన్ని పెట్టడం కూడా అప్పుడే మొదలైంది. 1968లో బెల్ ప్రయోగశాలకు చెందిన లెప్‌సెల్టర్, జీ ఇలాంటి డయోడ్‌తో సిద్ధాంతానికి దాదాపు అతికినట్టున్న కొలతలు చూపారు.

ఆ తర్వాత వాడకం వేగంగా పెరిగింది. పీ, ఎన్ రకాలు కలిసే మామూలు పీఎన్ సంధి డయోడ్‌లో కరెంటు ఆపాక కూడా లోపల పోగైన అల్పసంఖ్యాక ఆవేశాలు ఖాళీ కావడానికి సమయం పడుతుంది. షాట్కీ డయోడ్‌లో కరెంటు మోసేవి అధికసంఖ్యాక ఎలక్ట్రాన్లే కాబట్టి ఆ ఆలస్యం లేదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జేమ్స్ బియర్డ్ ట్రాన్సిస్టర్ బేస్‌కూ కలెక్టర్‌కూ మధ్య దీన్ని పెట్టి, ట్రాన్సిస్టర్ సంతృప్త స్థితిలో ఇరుక్కోకుండా చేశారు. ఇంటెల్ 1969లో విడుదల చేసిన తన మొట్టమొదటి ఉత్పత్తి, 64 బిట్ల 3101 మెమరీ చిప్, ఈ పద్ధతిలో చేసిందే. 74 శ్రేణి లాజిక్ చిప్‌లలో ఒక గేటుకు పట్టే 10 నానోసెకన్లు షాట్కీ రకంలో 3కు తగ్గాయి.

పవర్ సప్లైల్లో దీని లాభం వేరు. 5 వోల్టుల సప్లైలో మామూలు సిలికాన్ డయోడ్ 0.7 వోల్టులు మింగితే షాట్కీ 0.4తో సరిపెడుతుంది. రిపేరు బల్ల మీద మల్టీమీటరును డయోడ్ రేంజిలో పెట్టి చూసినా తేడా తెలుస్తుంది: మామూలు డయోడ్‌కు 0.6 దగ్గర చూపే మీటరు దీనికి 0.2 దరిదాపుల్లో చూపుతుంది. అవరోధం పొట్టిది కావడమే ఇందుకు కారణం. ఆ పొట్టితనానికి మూల్యం ఎదురు దిశలో చెల్లించాలి. కారే కరెంటు ఎక్కువ, వేడెక్కేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. సిలికాన్‌తో చేసినవి సాధారణంగా 200 వోల్టులు దాటకపోవడం అందుకే.

ఎక్కువ వోల్టేజీకి పరిష్కారం సిలికాన్ కార్బైడ్‌లో దొరికింది. డన్‌వుడీ 1906లో వాడిన కార్బొరండం ఈ పదార్థమే. దీనికి సిలికాన్ కంటే సుమారు పదిరెట్లు బలమైన క్షేత్రాన్ని తట్టుకునే శక్తి ఉంది. మద్రాసులో పుట్టి అమెరికాలో స్థిరపడిన బి. జయంత్ బాలిగా బృందం 1992లో దీనితో 400 వోల్టుల షాట్కీ డయోడ్‌ను చేసి చూపింది. 2001లో ఇన్ఫినియన్ వాటిని మార్కెట్లోకి తెచ్చింది. బాలిగా 1984లోనే సిలికాన్ కోసం సూచించిన మరో ఏర్పాటు కూడా ఇక్కడ పనికొచ్చింది. లోహం కింద పీ రకం దీవులను దగ్గర దగ్గరగా పొదుగుతారు. ఎదురు వోల్టేజీ పెరిగినప్పుడు వాటి లేమి పొరలు విస్తరించి ఒకదానితో ఒకటి కలుస్తాయి. క్షేత్రపు ఒత్తిడంతా లోపలే ఆగిపోయి, షాట్కీ హద్దు దాకా రాదు. సౌర విద్యుత్ ఇన్వర్టర్లలోనూ, కరెంటు కార్ల చార్జర్లలోనూ ఇప్పుడు వాడే 650, 1200 వోల్టుల సిలికాన్ కార్బైడ్ డయోడ్లలో చాలావాటి నిర్మాణం ఇదే.